ఒప్పుకున్నందుకు కాదు, ఒప్పుకున్నా కూడా

మన వాళ్ళకు యూనిఫాం వేసుకున్న మనిషి ఎదురుగా నిలబడితే చాలు, ముందు తప్పు ఒప్పేసుకుంటారు. అడిగింది ఏమిటో వినే పనే లేదు. పేరడిగినా సరే, “నాదే తప్పు సార్” అన్న మొహంతోనే చెబుతారు. తొంభైలలో కతార్‌లో కాపురమున్న రోజుల్లో ఈ అలవాటుతో నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

నేను విశాఖలో లా చదివాను. నల్లకోటుకు చెమట పట్టకముందే పెళ్ళయింది, పెళ్ళవగానే దోహా. మావారు ఒక కన్సల్టెన్సీలో సివిల్ ఇంజనీరు. ఆయన పొద్దున వెళ్ళిపోతే ఏసీ చప్పుడు వింటూ కూర్చోలేక, నేనొక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల విభాగంలో చేరాను. దెబ్బ తగిలిందని వచ్చిన కాగితాలు చదివి, వీళ్ళకు ఇవ్వాలి, వీళ్ళకు ఇవ్వనక్కర్లేదు అని మేనేజరుకు నోట్ రాయడం నా పని. కోర్టులో వాదించాలని చదివిన చదువు చివరకు “ఇవ్వనక్కర్లేదు” అని టైపు చేయడానికి పనికొచ్చింది.

ఆ సంగతి ఎలా పాకిందో గానీ, శుక్రవారమొస్తే అల్ హిలాల్‌లోని మా ఫ్లాటు బెల్లు మోగుతూనే ఉండేది. ప్లీడరమ్మ ఉందంట అని వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు కాఫీ తాగేవారు, చెప్పింది శ్రద్ధగా వినేవారు, తలూపేవారు, వెళ్ళి దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేసేవారు. మావారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. ఆ నవ్వు నాకు పేపరు వెనకనుంచి కూడా కనిపించేది.

వచ్చేవాళ్ళలో ఒక బావ, ఒక బావమరిది ఉండేవారు. ఇద్దరిదీ రాయచోటి దగ్గర ఒకటే పల్లె. బావమరిది ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో వడ్రంగి; మెసైమీర్ వైపు కార్మికుల క్యాంపులో ఉండేవాడు. అతని అక్క మొగుడు, అంటే బావ, మా వీధి చివరి విల్లాలో హౌస్ డ్రైవరు. బావమరిది నోరున్నవాడు. బావ నోట్లో నాలుక లేనివాడు. ఇంటి యజమాని అయిన ముసలాయన్ను ఇక్కడి డ్రైవర్లందరిలాగే అతనూ బాబా అనేవాడు, అనేటప్పుడు నిజంగా తండ్రిని పిలిచినట్టే పిలిచేవాడు.

మొదట దెబ్బ తగిలింది బావమరిదికి. చెక్క కోసే మిషను మీద బ్లేడుకు కవచంలా ఒక ఇనుప మూత ఉంటుంది. అది ఉంటే పని నెమ్మదవుతుందని అతనే తీసి పక్కన పెట్టాడు. ఎడమ చేతి వేళ్ళు రెండు కణుపుల దాకా పోయాయి. కట్టుతోనే మా ఇంటికొచ్చాడు. మూత తీసింది తనని తెలిస్తే కంపెనీ పైసా ఇవ్వదని భయం. పక్క మిషను మనిషి తీశాడని చెబుదామా, ఫోర్‌మన్ తీయమన్నాడని చెబుదామా అని రెండు కథలు సిద్ధంగా పెట్టుకున్నాడు.

కథలేం వద్దని నేను చెప్పాను. కంపెనీ మనిషికి డ్యూటీలో దెబ్బ తగిలితే తప్పెవరిదని ఎవరూ అడగరు. కావాలని చెయ్యి పెట్టుకున్నాడా, తాగి ఉన్నాడా, అంతవరకే చూస్తారు. అజాగ్రత్త ఉన్నా సరే, వైద్యం కంపెనీది, పడుకున్నన్నాళ్ళ జీతం కంపెనీది, ఏ వేలు పోతే ఎంతని పట్టిక ఉంటుంది, అంత ఇస్తారు. తప్పు అడగరు కాబట్టే పట్టికకు మించి రూపాయి కూడా రాదు. నొప్పికి విడిగా లేదు, వేళ్ళు లేని చెయ్యి చూసుకుని పడే బాధకు విడిగా లేదు. హాస్టల్ భోజనం లాంటిది. ఆకలి ఎందుకేసిందని అడగరు గానీ గరిటె మాత్రం వాళ్ళదే.

అతను ఫోర్‌మన్ దగ్గరికెళ్ళి మూత నేనే తీశానని చెప్పేశాడు. ఎక్కడ తన మెడకు చుట్టుకుంటుందోనని బిక్కుబిక్కుమంటున్న ఫోర్‌మన్ అతన్ని దాదాపు కౌగలించుకున్నాడు. డబ్బు వచ్చింది. ఆ శుక్రవారం అతను ఖర్జూరాల డబ్బా పట్టుకుని వచ్చి, “నువ్వు చెప్పినట్టే చేసినా అక్కా. తప్పు ఒప్పుకుంటే ఇచ్చేసినారు,” అన్నాడు.

ఒప్పుకున్నందుకు కాదయ్యా, ఒప్పుకున్నా కూడా ఇచ్చారు అన్నాను. అదే గదా అన్నాడు. అదే కాదన్నాను. ఒప్పుకోకపోయినా ఇచ్చేవారు, ఒప్పుకోవడానికీ ఇవ్వడానికీ సంబంధం లేదు అని కాగితం మీద గీతలు గీసి చూపించాను. తలూపాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఎవరితోనో, ఈ అరబ్బోళ్ళ దేశంలో తప్పు ఒప్పుకున్నోడికి ఢోకా లేదని చెబుతుండగా విన్నాను. అప్పుడే వెనక్కి పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాల్సింది గానీ, పొయ్యి మీద పప్పు మాడుతోంది.

అప్పట్నుంచి క్యాంపులో అతనే లాయరు. ఎవరికి ఏ దెబ్బ తగిలినా, యల్లా, పోయి ఒప్పుకో అని పంపించేవాడు. వాళ్ళంతా కంపెనీ మనుషులు కాబట్టి అందరికీ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ అతని సిద్ధాంతం గట్టిపడేది, నాకు ఒళ్ళు మండిపోయేది. తప్పు కారణం చెప్పి సరైన సలహా ఇచ్చే మనిషిని ఏ చట్టంతో ఆపాలి?

తర్వాత కొన్నాళ్ళకు బావకు దెబ్బ తగిలింది. బాబాకు చేపలంటే ప్రాణం. అవి కూడా మార్కెట్లో కొన్నవి కాదు, ఉత్తరాన అల్ రువైస్‌లో పడవ దిగిన చేపలే కావాలి. వారానికోసారి ఐసు పెట్టె వెనక వేసుకుని బావ అంత దూరం వెళ్ళి తెచ్చేవాడు. ఆ రోజు తిరిగొస్తుండగా పక్క దారిలోంచి ఒక నీళ్ళ ట్యాంకరు చూసుకోకుండా రోడ్డెక్కి జీపును గుద్దింది. కుడి మోకాలు నుజ్జయింది. దారిన పోయేవాళ్ళు లాగి బయటకు తీశారట.

ఆ సంగతి నాకు తెలిసేసరికి బావమరిది ఆస్పత్రిలో చేయాల్సిందంతా చేసేశాడు. శుక్రవారం వచ్చి సోఫాలో కూర్చుని, పోలీసు వాంగ్మూలం తీసుకోవడానికి వచ్చినప్పుడు మంచం పక్కన తనే ఉన్నానని, హిందీలో తనే దగ్గరుండి చెప్పించానని, ఏమీ భయం లేదని అన్నాడు. ఏం చెప్పించావయ్యా అన్నాను.

“తప్పు మా బావదే అని చెప్పించినా. ఊరికే చెప్తే నమ్మరని, స్పీడుగా పోయినా, నిద్ర గూడా వచ్చినాది అని చెప్పించినా.”

చేతిలో కాఫీ గ్లాసు బల్ల మీద ఎలా పెట్టానో తెలియదు, మావారు పేపరు దించి చూశారు. నిజంగా నిద్రపోయాడా అని అడిగాను. అబ్బే, వెనక ఐసు పెట్టె టకటకమంటుంటే నిద్ర యాడ అన్నాడు. స్పీడు? చేపలు నలుగుతాయని బాబా తిడతాడు, మెల్లగానే వస్తాడు అన్నాడు. మరెందుకు చెప్పించావు మహానుభావా అంటే, “ఒప్పుకుంటే ఇస్తారు గదక్కా,” అన్నాడు.

అప్పుడు నేను అరిచిన అరుపులు పై ఫ్లాటు వాళ్ళకు వినపడే ఉంటాయి. నీ బావ కంపెనీ మనిషి కాడు, ఇంటి మనిషి. ఇళ్ళలో పనిచేసే డ్రైవర్లకు, వంటమనుషులకు ఆ కంపెనీ చట్టం వర్తించదు, ఆ పట్టిక వాళ్ళది కాదు. అతనికున్న దారి ఒకటే. గుద్దిన ట్యాంకరు మీద, అంటే దాని ఇన్సూరెన్సు మీద అడగడం. ఆ దారిలో పట్టిక గరిటె లేదు. మోకాలికి, నొప్పికి, ఇక ముందు చేయలేని పనికి, అన్నిటికీ అడగొచ్చు. కానీ ఆ తలుపు దగ్గర నిలబడి ఉండే ప్రశ్న ఒక్కటే: తప్పెవరిది? నిన్ను ఎవరూ అడగని ప్రశ్న, అతనికి అదే సర్వం. దానికి నువ్వు మంచం పక్కన కూర్చుని, నొప్పితో మూలుగుతున్న మనిషి చేత, లేని నిద్ర కూడా కలిపి జవాబు చెప్పించావు.

అతను తన ఎడమ చేతి వైపు చూసుకున్నాడు. మొదటిసారి అర్థమైందనుకున్నాను. తర్వాత నెమ్మదిగా, అదేంటక్కా, ఇద్దరికీ తగిలింది దెబ్బే గదా అన్నాడు. దెబ్బ ఒకటే, చట్టాలు రెండు. అది నేను చేసిన ఏర్పాటు కాదు.

ఇలాంటి ఫైలు ఆఫీసులో నా బల్ల మీదికి వస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. “డ్రైవరు స్వయంగా అంగీకరించాడు” అనే వాక్యం కనబడగానే ప్రాణం లేచొస్తుంది. ఇక ఏమీ చదవనక్కర్లేదు. ట్యాంకరు ఇన్సూరెన్సు మా కంపెనీది కాదు, ఇంకో కంపెనీది. అక్కడా నాలాంటిదో నాలాంటివాడో కూర్చుని ఉంటారు, ఆ వాక్యం చూసి సంతోషిస్తారు. మిగిలిన ఆశ ఒక్కటే. ఫైలు ఇంకా ట్రాఫిక్ ఆఫీసు దాటలేదు. అక్కడి అధికారి కూడా, రోడ్డు మీద బండ్లు ఉన్న తీరుకూ ఈ మాటకూ పొంతన కుదరడం లేదని, ఆస్పత్రి నుంచి వచ్చాక బావను మళ్ళీ తీసుకురమ్మన్నాడట. ఆ రెండోసారి బావ ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

అతన్ని ఇంటికి తెచ్చి, కట్టు వేసిన కాలు ఇంకో కుర్చీ మీద పెట్టించి, చెప్పించడం మొదలుపెట్టాను. నువ్వు ఎవరినీ ఏమీ అనొద్దు, తప్పు అనే మాటే ఎత్తొద్దు, జరిగింది మాత్రం చెప్పు అన్నాను. సరే అక్కా అన్నాడు.

“నేను నా దోవన వస్తాండా. ట్యాంకరోడు పక్క దోవలో నుంచి పైకి వచ్చినాడు. నేను బ్రేకు గూడా కొట్టినా. నాదే తప్పులే.”

ఆ చివరి ముక్క వద్దయ్యా అన్నాను. మళ్ళీ మొదలుపెట్టాడు. దోవన రావడం, ట్యాంకరు, బ్రేకు, అన్నీ సరిగ్గా వచ్చాయి. చివర ఒక నిట్టూర్పు, దాని వెనకే నాదే తప్పు. కోప్పడ్డాను. బతిమాలాను. ఆ మాట అనకుండా చెబితే గారెలు పెడతానన్నాను. గారెలు తిన్నాక కూడా అన్నాడు. నోటికి అదే వస్తాది అక్కా అని తనూ నవ్వాడు. బాబా మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, కాఫీ కప్పు ఎవరు పడగొట్టినా, గేటు గడియ ఎవరు మరిచినా, ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో నాదే తప్పు అని అతనే అనేవాడట. అంటే గొడవ అక్కడితో అయిపోతుంది. అతనికి అది నేరం ఒప్పుకోవడం కాదు, తలుపు నెమ్మదిగా మూయడం. ఆ మర్యాదే ఇప్పుడు అతని మోకాలిని మింగేస్తోందని ఎలా చెప్పను? నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

చివరకు ఒక శుక్రవారం, వరుసగా రెండుసార్లు, ఆ మాట లేకుండా చెప్పాడు. ఆస్పత్రిలో ఎందుకలా అన్నావని అడిగితే, నొప్పిలో ఉన్నాను, భయపడ్డాను అని చెప్పమన్నాను. అదీ వచ్చింది. మావారు పేపరు మడిచి మరీ చప్పట్లు కొట్టారు.

ట్రాఫిక్ ఆఫీసుకు నేను సెలవు పెట్టి వెళ్ళాను. తోడు బావమరిది వస్తానంటే, వస్తే కాళ్ళు విరగ్గొడతానని చెప్పి ఆపాను. కానీ బాబాను ఆపాలని నాకు తట్టలేదు. తట్టినా ఎవరు ఆపగలరు? తన మనిషి కుంటుకుంటూ పోలీసుల దగ్గరికి ఒంటరిగా వెళ్ళడమేమిటని, ముసలాయన తనే కారు నడుపుకుంటూ, ఫ్లాస్కులో కాఫీతో, ఖర్జూరాల పెట్టెతో దిగాడు. అధికారికి కాఫీ పోశాడు. నాకు పోశాడు. బావకు కూడా తన చేత్తోనే పోశాడు. అంత మంచి మనిషిని చూసి నాకు గుండెల్లో రాయి పడింది.

ఉర్దూ తెలిసిన ఒక పోలీసు మధ్యలో కూర్చున్నాడు. బావ చెప్పడం మొదలుపెట్టాడు. నా దారిన వస్తున్నాను. ట్యాంకరు పక్క దారిలోంచి వచ్చింది. బ్రేకు వేశాను. అక్కడ ఆగాడు. నిట్టూర్చలేదు. అధికారి తన దగ్గరున్న రోడ్డు బొమ్మ చూసుకుని తలూపాడు. మరి ఆస్పత్రిలో స్పీడనీ నిద్రనీ ఎందుకు చెప్పావని అడిగాడు. సరిగ్గా మేము చదువుకున్న ప్రశ్నే. బావ నోరు తెరిచాడు.

ఆ క్షణంలోనే బాబా అతని భుజం మీద చెయ్యి వేసి అధికారితో అరబ్బీలో మాట్లాడాడు. ఆ పోలీసే మాకు తిప్పి చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఈ మనిషి తన ఇంట్లో ఉన్నాడని, ఒక్క అబద్ధం ఎరగడని, కాలు విరిగి పడుకుని కూడా వేరేవాళ్ళ మీదికి నెట్టకుండా నిజం ఒప్పుకున్నాడని, ఇలాంటి మనిషిని చూపించమని తన కొడుకులకు చెబుతుంటానని అన్నాడట.

బావ ఆ చేతి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. “మేరా గల్తీ, సాబ్,” అన్నాడు.

అధికారి మళ్ళీ అడిగాడు. ఆయన మంచివాడే, అడగాల్సిన దానికంటే ఎక్కువే అడిగాడు. బావ మళ్ళీ నాదే తప్పనే అన్నాడు. పెన్ను మూత పెట్టేశారు. బాబా అతని నుదుటి మీద ముద్దుపెట్టాడు. ఆ గదిలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. ఒక్కడైనా ఉంటే నాకు తిట్టడానికి వీలుగా ఉండేది.

బయట ఎండలో నిలబెట్టి అడిగాను, ఏం చేశావో తెలుసా అని. నెత్తీ నోరూ కొట్టుకుంటూ అడిగాను.

“బాబా ముందర అబద్ధమోణ్ణి అయ్యేదా అక్కా?”

నిజం చెబితే అబద్ధాలకోరువు ఎలా అవుతావయ్యా అన్నాను. ఆయనకు ముందు చెప్పిందే నిజం గదక్కా అన్నాడు. ఎండకు కళ్ళు చిట్లించుకుని, నా కోపానికి నొచ్చుకుంటూ, ఆ కోపం కూడా తన తప్పే అన్నట్టు నిలబడ్డాడు.

ట్యాంకరు ఇన్సూరెన్సు వాళ్ళు అనుకున్నట్టే ఇవ్వనక్కర్లేదన్నారు. ఆ ఉత్తరం ఎలా ఉంటుందో నేను చూడకుండానే చెప్పగలను, అలాంటివి నేనే టైపు చేస్తాను. బాబా మాత్రం అతన్ని వదల్లేదు. ఆపరేషన్ చేయించాడు, గేటు దగ్గర నీడలో కుర్చీ వేయించాడు. కానీ మోకాలు వంగలేదు, పెడల్ మీద కాలు ఆనలేదు. చేపలు తేవడానికి ఇంకో డ్రైవరు వచ్చాడు, ఔట్‌హౌస్‌లో గది ఒక్కటే ఉంది. చివరకు టికెట్టు కొని, గుడ్డలు, అత్తరు, ఒక గడియారం ఇచ్చి పంపించారు. చాలా బాగా చూసుకున్నారని బావ అందరికీ చెప్పాడు. నిజమే, చాలా బాగా చూసుకున్నారు. కానీ దయ వేరు, హక్కు వేరు. దయకు పట్టిక లేదు, కోర్టు లేదు, ఇంతే ఇచ్చారేమని అడిగే వీల్లేదు.

బావమరిది మా ఇంటికి వచ్చి దిగులుగా కూర్చున్నాడు. “ఇంగా గట్టిగా ఒప్పుకోనుండాల్సింది అక్కా,” అన్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఎయిర్‌పోర్టుకు మేమే తీసుకెళ్ళాం. బావ కొత్త చొక్కా వేసుకుని, చంకకర్ర పట్టుకుని, బావమరిది సామాను తోస్తుంటే వెనక నడుస్తున్నాడు. ఊళ్ళో ఏం చేస్తావని మావారు అడిగితే, ఏదో ఒకటి సార్, కూర్చుని చేసే పని చూసుకోవాల అన్నాడు. కూర్చోవాలన్నా మోకాలు వంగాలని ఎవరమూ అనలేదు.

లైన్లో నిలబడ్డప్పుడు ఒక సూటువాలా ఫోన్ బూత్ వైపు చూస్తూ, నిండుగా పెట్టెలున్న ట్రాలీని తోసుకొచ్చి అతని ఆ మోకాలికే కొట్టాడు. బావ గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మొహం పాలిపోయింది. పళ్ళ బిగువున నొప్పి ఆపుకుని, ఆ సూటువాలాతో, “సారీ సార్,” అన్నాడు.

సూటువాలా పర్లేదన్నట్టు తలూపి ముందుకు పోయాడు.

నేను వెళ్ళి ఆ ట్రాలీకి అడ్డం నిలబడ్డాను. గుద్దింది మీరు, ఆయన నిలబడి ఉన్నాడు, తప్పు మీది అని ఇంగ్లీషులో, ఆ హాలంతా తిరిగి చూసేలా చెప్పాను. మావారు చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. బావ వెనకనుంచి, పోనీలే అక్కా, నేనే అడ్డం ఉన్న్యా అంటున్నాడు. మీరు ఆయనకు సారీ చెప్పేదాకా ఈ ట్రాలీ కదలదన్నాను. సూటువాలా నన్నూ చూశాడు, చంకకర్రనూ చూశాడు, బావ దగ్గరికి వెళ్ళి, నాదే తప్పు, క్షమించండి అన్నాడు.

బావకు ఏం చేయాలో తెలియలేదు. ఆ మాట ఇంకొకళ్ళు తనతో అనడం అతనికి అలవాటు లేదు. చంకకర్ర ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.